ఎండాకాలానికీ ఫీజు కట్టాలి

నాకు ముప్పై ఆరేళ్ళు. ఈ వయసులో రిటైరయ్యానంటే జహీరాబాద్‌లో ఎవరైనా నవ్వుతారు. కానీ ఒక పని మొదలుపెట్టి, దాన్ని నేర్చుకుని, దాని మీద బతికి, దానికోసం పోట్లాడి, చివరికి ఇంకొకరి చేతిలో పెట్టి బయటికొస్తే దానికి వేరే పేరేముంది? నేను చేసిన పని పిల్లల్ని చూసుకోవడం. ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులు పొద్దున తెచ్చి దింపితే సాయంత్రం దాకా చూసుకునే ఇల్లు నడిపాను. చదివింది మెకానికల్ డిప్లొమా. "డిప్లొమా చేసినోడు డైపర్లు మారుస్తుండు" అని మా గల్లీలో చాన్నాళ్ళు నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో ఇద్దరు తర్వాత తమ పిల్లల్నీ తెచ్చి నా దగ్గరే దింపారు.

చిరాగ్‌పల్లిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇలాంటి ఇల్లే తెరుద్దామనుకుంటున్నారు. ఏమేం కొనాలో చెప్పమని అడిగారు. చాపలు, గిన్నెలు, గేటుకు గొళ్ళెం ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది వేరే ఉంది. తల్లిదండ్రుల ముందు కూర్చుని "ఇది మా షరతు, దీన్ని తగ్గించం" అని చెప్పగలిగే నోరు. నాకు అది ఎలా వచ్చిందో రాస్తున్నాను.

అమ్మేది గంటలు కాదు

మొదట నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పనిలో ఉండేవాణ్ణి. అక్కడ మా ఇన్‌చార్జ్ కులకర్ణి సారు. మరాఠీ, తెలుగు, హిందీ మూడూ కలిపి తిట్టేవాడు. ప్రతి పెద్ద పంపు పక్కన ఇంకో పంపు ఖాళీగా ఉండేది. అది నడవదు. అయినా ప్రతివారం దానికి గ్రీజు పెట్టించేవాడు. ఒకరోజు నేను, "నడవని పంపుకు ఇంత సేవ ఎందుకు సార్?" అన్నాను.

"నడిచే పంపు ఆగిన రోజు నీ అయ్య వచ్చి నీళ్ళు తోడుతడా?" అన్నాడు. "అది నడుస్తలేదని నువ్వంటున్నవు. అది తయ్యార్‌గ ఉన్నది. తయ్యార్‌గ ఉండుడే దాని పని."

కాంట్రాక్టు ముగిసి ఫ్యాక్టరీ వదిలాక ఆ మాట విలువ తెలిసింది. నా భార్య స్వప్నకు బ్యాంకు ఉద్యోగం. మా బాబును చూసుకునేవాళ్ళు లేరు. నేను ఇంట్లోనే ఉన్నాను. పక్కింటి పాపను కూడా చూడమన్నారు. తర్వాత ఎదురింటి బాబు. ఇలా కింది వాటా మొత్తం పిల్లలతో నిండింది.

ఈ పనిలో కొత్తగా వచ్చేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, తాము గంటలు అమ్ముతున్నామనుకోవడం. బిడ్డ ఎనిమిది గంటలుంటే ఎనిమిది గంటల ఫీజు, రాకపోతే లేదు. లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ మనం అమ్మేది చోటు. రేపు పొద్దున తలుపు కొడితే తెలిసిన మనిషి తెరుస్తుందన్న భరోసా అది. బిడ్డ వచ్చినా రాకపోయినా ఆ మనిషి అక్కడ ఉండాలి. ఉండాలంటే ఆమెకు జీతం ఉండాలి. ఇంత సులువైన సంగతిని చదువుకున్నవాళ్ళకు అర్థం చేయించడానికి నాకు ఏళ్ళు పట్టింది.

మెస్ కటింగ్

మొదటి సంవత్సరం షరతులు రాయడానికి కూర్చుంటే నాకు తెలిసిన షరతులు ఒక్కచోటివే: పాలిటెక్నిక్ హాస్టల్ మెస్‌వి. అక్కడ ఊరికి పోతే ముందే రాసిచ్చి మెస్ కటింగ్ తీసుకునేవాళ్ళం. తినని రోజులకు పైసలు లేవు. న్యాయంగా అనిపించి అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. బిడ్డ రానన్ని రోజులు ఫీజులో కోత.

తల్లిదండ్రులు ఆ షరతును మెచ్చుకున్నారు. రెండు నెలల్లో దాన్ని వాడటం కూడా నేర్చుకున్నారు. అత్తగారు వచ్చారని రెండు రోజులు, నాన్నకు ఆఫీసులో కంప్ ఆఫ్ సెలవు ఇచ్చారని ఒకరోజు, బాబుకు తుమ్ములని ఇంకోరోజు. తుమ్ములున్నా సోమవారం మాత్రం తెచ్చేవాళ్ళు, సోమవారం ఆఫీసులో పని ఎక్కువ కాబట్టి. ఒక బాబు వారంలో సగం రోజులే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ మొదటిరోజులాగే గేటు పట్టుకుని ఏడ్చేవాడు.

అప్పటికే శరణమ్మక్క మా దగ్గర పనిచేస్తోంది. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక పొలిమేరలో ఒక ఊరు ఆమెది. కొడుకుల చదువుకోసం జహీరాబాద్‌లో గది తీసుకుని ఉండేది. ఇంట్లో సగం కన్నడ, బయట మన తెలుగు. చంటిపిల్లలందరినీ "కూసా" అని పిలిచేది. కన్నడంలో పాపాయి అని అర్థం. ఏడ్చే బిడ్డను తల్లి చేతుల్లోంచి ఎప్పుడూ లాక్కునేది కాదు. గడప పక్కన కూర్చుని బటానీలు ఒలుస్తూ ఉండేది. బిడ్డ తనంతట తాను దిగివచ్చి ఒక కాయ అడిగేదాకా అటువైపు చూసేది కాదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. ఇంతకన్నా బాగా పనిచేసే పద్ధతినీ చూడలేదు.

ఆ బాబు గేటు దగ్గర మళ్ళీ ఏడుస్తుంటే ఆమె అంది, "అన్నా, ఈ పిల్లగాడు దినాం కొత్తగనే వస్తుండు. నేనెన్నిసార్లు పరిచయం జేస్కోవాలె?"

ఆ నెలే మెస్ కటింగ్ తీసేశాను. అన్నం పళ్ళేనికి పనికొచ్చే షరతు బిడ్డకు పనికిరాదు. ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. పోనీ అన్నాను.

ఒక్క విషయంలో మాత్రం అప్పుడు ధైర్యం చెయ్యలేదు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది గవర్నమెంటు టీచర్ల పిల్లలు. ఝరాసంగం వైపు, న్యాల్‌కల్ వైపు బడులకు పోతూ దారిలో దింపేవాళ్ళు. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని ఫీజు ఆపేసేవాళ్ళు. అది అందరికీ అలవాటే అన్నట్టుగా నడిచింది. ఆ రోజుల్లో శరణమ్మక్కకు సగం జీతం ఇచ్చేవాణ్ణి. ఆమె ఏమీ అనేది కాదు.

ఎవరి పండుగ, ఎవరి సెలవు

ఇంటికి ఎన్ని కుటుంబాలు వస్తే అన్ని క్యాలెండర్లు వస్తాయి. టీచర్లకు దసరా సెలవులు పొడుగు. బ్యాంకు వాళ్ళకు రెండు రోజులు. ఫ్యాక్టరీ వాళ్ళ వారపు సెలవు ఆదివారమే కానక్కర్లేదు. దవాఖానాలో నర్సుగా చేసే నజ్నీన్‌కు సెలవన్నదే లేదు. ప్రతి ఒక్కరూ తమ సెలవు రోజున కోత అడుగుతారు, ఇంకొకరి సెలవు రోజున తలుపు తెరిచి ఉండాలంటారు. అందరి మాటా వింటే ఇల్లు ఏడాదంతా తెరిచి ఉంటుంది, ఫీజు మాత్రం సగం రోజులకే వస్తుంది.

అసలు గొడవ ఎల్లమాసతో మొదలైంది. చలికాలంలో వచ్చే ఈ అమావాస్య మా సరిహద్దు ఊళ్ళలో పెద్ద పండుగ. జొన్న చేలల్లోకి బండ్లు కట్టుకుని పోతారు. రకరకాల ఆకుకూరలు, పచ్చి గింజలు కలిపి భజ్జి వండుతారు. సజ్జరొట్టెలు, అంబలి. చేను చుట్టూ అన్నం చల్లి, అక్కడే అందరూ కూర్చుని తింటారు. గవర్నమెంటు సెలవు కాదు. కానీ ఆరోజు ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు.

ఆ ఏడాది ఎల్లమాసకు ఇల్లు మూసి ఉంటుందని వారం ముందే అందరికీ చెప్పాను. రఘుపతి సారు అభ్యంతరం చెప్పాడు. ఆయన లెక్కల టీచరు, వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు. భార్య విజయ టీచరు. వాళ్ళ పాప తన్వి శరణమ్మక్క చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా తినదు.

"ఎల్లమాసనా? అదేం పండుగ? మా దిక్కు లేదు. స్కూల్ క్యాలెండర్ల గూడ లేదు."

"సార్, ఆరోజు మీ బడికి పిల్లలు వస్తరా?"

"హాజరు జర తక్కువుంటది."

"ఆళ్ళు ఏడికి పోతరో శరణమ్మక్క గూడ ఆడికే పోతది."

ఆయన నవ్వలేదు. తర్వాతి నెల మొదట్లో ఒకరోజు ఫీజు తగ్గించి ఇచ్చాడు. చిన్న మొత్తమే. అడిగితే, "మీరు మూసినరు, నేను కట్ చేసిన. సింపుల్" అన్నాడు. అది ఎంత చిన్నదైనా వదలకూడదని నాకు ఆరోజే తెలుసు. ఒకడు తగ్గించి ఇచ్చి తప్పించుకుంటే మిగతావాళ్ళు బిల్లు కట్టేముందు అతణ్ణి అడిగి కడతారు. అయితే నేను మళ్ళీ అడిగేలోపే ఆయన ఇంకో పని చేశాడు.

అక్కకు వచ్చిన బేరం

శరణమ్మక్క సీసాలు కడుగుతూ, నావైపు చూడకుండా చెప్పింది.

"అన్నా, రఘుపతి సారు పిలిచిండు. ఆయిన, ఇంకిద్దరు టీచర్లు గలిసి వాళ్ళింట్లనే పిల్లల్ని పెడతరట. నన్ను రమ్మంటుండ్రు."

"ఎంత ఇస్తరట?"

"నువ్విచ్చేదానికన్న ఎక్కువనే."

"ఎండాకాలం?"

"ఎండాకాలం వాళ్ళు ఊరికి పోతరట. నన్ను గూడ రెస్టు దీస్కొమ్మన్నరు." సీసా కిందపెట్టి నవ్వింది. "రెస్టు తింటే కడుపు నిండుతదా అన్నా?"

నాకు కొంచెం ఊపిరాడింది. కానీ ఆమె మాట అయిపోలేదు.

"వాళ్ళ దగ్గరికి పోను. కానీ బీదర్ల మా తమ్ముడు హాస్టల్ల వంటకు పెట్టిస్త అంటుండు. ఆడ పన్నెండు నెల్లు జీతం. పిల్లలుండరు గానీ జీతముంటది. చిన్నోని ఫీజు ఎండాకాలమే కట్టాలె. ప్రతి ఏడు ఆ రెండు నెల్లు నేను అప్పు జేస్తున్న. నువ్వు సగం ఇస్తున్నవు, నీ తాన అంతనే ఉంటదని నాకెరుకే. ఈసారి పూరా ఇస్తవా, ఇయ్యవా, చెప్పు. నిన్నేం తిట్ట గానీ, ఇయ్యకుంటే పోత."

ఆమె పోతే ఇల్లు ఉండదు. ఇది పొగడ్త కాదు, ఇంజనీరింగ్ లెక్క. పది మంది పిల్లల్లో చంటివాళ్ళంతా ఆమె గొంతుకు పడుకుంటారు. నేను లెక్కలు, తాళాలు, మందులు, నీళ్ళు, కరెంటు చూసుకోగలను. ఆమె చేసేది నేను చెయ్యలేను. కొత్త మనిషిని తెస్తే ఆ పిల్లలు అలవాటు పడేలోపే సగం కుటుంబాలు వెళ్ళిపోతాయి.

"పూరా ఇస్తనక్కా" అన్నాను.

"నోటితోనా?"

"రాసిస్త."

ఐదు షరతులు

ఆమెకు రాసిచ్చిన కాగితం ఒక్క వాక్యం: పన్నెండు నెలలూ పూర్తి జీతం. ఆ వాక్యాన్ని నిలబెట్టాలంటే తల్లిదండ్రులతో చేసుకునే ఒప్పందం మారాలి. అది కూడా రాశాను. చిరాగ్‌పల్లి అక్కచెల్లెళ్ళు దీన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.

1. ఫీజు పన్నెండు నెలలకు. వచ్చిన రోజులకు కాదు.

2. ఇంటి సెలవులు ఉగాదికే చెబుతాం. వాటిలో ఎల్లమాస ఉంటుంది, రంజాన్ ఉంటుంది. వాటికి కోత లేదు.

3. చెప్పిన సెలవులు కాక మా సొంత కారణంతో మూస్తే కోత మేమే వేస్తాం. ఎవరూ అడగనక్కర్లేదు.

4. మానుకోవాలంటే నెల ముందు చెప్పాలి. మేము వద్దనాలన్నా నెల ముందే చెబుతాం.

5. ఎండాకాలం కట్టనివాళ్ళకు జూన్‌లో చోటు ఉంచం. చోటు ఖాళీగా ఉండి, తిరిగి రావాలనుకుంటే ఎండాకాలానిది కట్టి రావాలి.

మూడోదీ, నాలుగోదీ లేకుండా మిగతావి అడిగితే అది దబాయింపు. అవి ఉన్నాయి కాబట్టి మిగతా మూడింటి మీద గొంతు పెంచి మాట్లాడే హక్కు నాకు వచ్చింది. షరతులు రాసేటప్పుడు ముందు మీ మీద మీరు వేసుకునేవి రాయండి. తర్వాత ఎదుటివాళ్ళవి.

ఆదివారం మాటలు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అందర్నీ పిలిచాను. ముందు గదిలో పిల్లల చాపల మీదే కూర్చున్నారు. శరణమ్మక్కను కూడా కూర్చోమన్నాను. ఆమె వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

కాగితం చదవడం అయ్యాక మొదట మాట్లాడింది రఘుపతి సారే.

"సేవ లేనప్పుడు చార్జి ఎందుకు? బస్సు ఎక్కకుంటే టికెట్ కొంటమా?"

"మంత్లీ పాస్ తీసుకుంటే ఎక్కని రోజు పైసలు వాపస్ ఇస్తరా సార్?"

"అది ఆర్టీసీ. నువ్వు ఆర్టీసీనా?"

గది నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అడిగాను, "సార్, మే నెల మీకు జీతం వస్తదా, రాదా?"

"అది గవర్నమెంటు ఇస్తది."

"బడి మూసినా ఇస్తది. ఎందుకు? జూన్‌ల మీరు మళ్ళ అదే బడిల ఉండాలె కాబట్టి. శరణమ్మక్క గూడ జూన్‌ల ఇదే ఇంట్ల ఉండాలె."

"మాకు సర్వీస్ రూల్స్ ఉన్నయి."

"ఇగో, ఇవి ఆమె సర్వీస్ రూల్స్." కాగితం చూపించాను.

పంపుల కథ కూడా చెప్పాను. తయారుగా ఉండటమే పని అని. రఘుపతి సారు చటుక్కున పట్టుకున్నాడు. "చూసిన్రా? మనిషిని పంపు అంటుండు!" మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి గుమ్మం దగ్గర శరణమ్మక్క కూడా నవ్వింది. "అననియ్యుండ్రి సార్. పంపుకు గ్రీజన్న పెడతరు."

ఆ నవ్వు అణగకముందే ఇంకో టీచరు, పెద్దమనిషి తరహాగా, "బాబూ, పిల్లల పనిల ప్రేమ ఉండాలె. నువ్వు దీన్ని దుకాణం జేస్తున్నవు" అన్నాడు.

ఈ మాట మీరూ వింటారు. ప్రతి ఏడూ వింటారు. దీనికి జవాబు ముందే సిద్ధంగా పెట్టుకోండి. నా జవాబు ఇది: "ప్రేమ ఉన్నది సార్. ప్రేమకు బిల్లు లేదు. ఆమె గది కిరాయికి బిల్లున్నది. ప్రేమ ఉన్నది గదా అని కిరాయి ఎగ్గొట్టుమంటరా?"

అప్పుడు నజ్నీన్ అందుకుంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. "భాయ్, నాది ఒక్క మాట. మీకందరికీ ఎండాకాలం ఛుట్టీ ఉన్నది. దవాఖానకు లేదు. ఎండాకాలంలనే మాకు పేషెంట్లు ఎక్కువ. మీరంత పిల్లల్ని తీస్కపోయి ఫీజు బంద్ చేస్తే అక్క పోతది. అక్క పోతే నా ఫైజాన్‌ను నేనెవరికి ఇచ్చి పోవాలె? మీ సెలవుల ఖర్చు నా మీద పడుతుంది. జర అది గూడ సోచాయించుండ్రి."

విజయ టీచరు తల దించుకుంది. రఘుపతి సారు లేచాడు. "మేము వేరే చూస్కుంటం" అన్నాడు. ఆయనతో ఇద్దరు టీచర్లు లేచారు. మిగతావాళ్ళు సంతకాలు పెట్టారు. కొందరు ఒప్పుకుని, కొందరు వేరే దారి లేక. రెండిటికీ నాకు అభ్యంతరం లేదు.

ఆ రెండు నెలలు

ఏప్రిల్ ఆఖరుకు ముగ్గురు పిల్లలు మానేశారు. సంతకం పెట్టిన టీచర్లు ఫీజు కట్టి పిల్లల్ని ఇంట్లో ఉంచుకున్నారు. ఇంట్లో ఫైజాన్, మావాడు, ఇంకిద్దరు. ఇల్లు బోసిగా అయింది. పోయిన మూడు ఫీజుల లోటు నా మీదే పడింది. ఎండాకాలంలో బోరు మోటర్లు ఎక్కువ కాలిపోతాయి కాబట్టి సాయంత్రాలు ఒక షాపులో కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టి వార్నిష్ వేసే పనికి పోయాను. స్వప్న, "అక్క జీతం కోసం నువ్వు కూలికి పోతున్నవు" అంది. ఎగతాళిగా కాదు, కొంచెం కోపంగానే. "ఒక్క ఏడు. వచ్చే ఏడు వాళ్ళే కడతరు" అన్నాను. కడతారని నాకు గట్టి నమ్మకం ఏమీ లేదు. కానీ రాసిచ్చిన మాట తప్పితే ఆ ఐదు షరతులకూ విలువ లేదు. ఎదుటివాళ్ళను నిలదియ్యాలంటే ముందు మనం నిలబడి ఉండాలి.

ఒకటో తారీఖున శరణమ్మక్కకు పూర్తి జీతం ఇచ్చాను. ఆ వారమే ఆమె తమ్ముడు బీదర్ నుంచి బండి మీద వచ్చాడు. గేటు బయటే బండి ఆపకుండా స్టార్ట్‌లో ఉంచి, కన్నడంలో ఏదో గట్టిగా అన్నాడు. ఆమె కూడా అంతే గట్టిగా ఏదో అంది. అతను బండి తిప్పుకుని పోయాడు.

"ఏమన్నడక్కా?"

"నలుగురు పిల్లల కోసం గింత పెద్ద ఇంట్ల కూసున్నవా అన్నడు."

"నువ్వేమన్నవు?"

"జూన్‌ల వచ్చి లెక్కబెట్టుకో అన్న."

ఆమె నమ్మకం నాకన్నా గట్టిది. నేను మోటర్ల షాపుకు పోయేటప్పుడు అది కొంచెం భయపెట్టింది కూడా. ఆ రెండు నెలలూ ఆమె ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. ఖాళీగా ఉన్న చాపలన్నీ ఎండలో వేసి దులిపింది. ఊయల తాళ్ళు మార్పించింది. మానేసిన పిల్లల పేర్లతో ఉన్న గ్లాసులు తీసేద్దామని నేనంటే వద్దంది.

జూన్

బడులు తెరిచారు. మానేసిన ముగ్గురిలో ఒక కుటుంబం బదిలీ మీద పోయింది. ఇంకొకరు అమ్మమ్మను పిలిపించుకున్నారు. రఘుపతి సారు ఇంట్లో ఒక ఆయాను పెట్టారని విన్నాను. వారం తిరగకుండానే ఆమె మానేసిందనీ విన్నాను.

ఒకరోజు పొద్దున ఆయన స్కూటర్ గేటు ముందు ఆగింది. ముందు నిలబడి తన్వి. ఆయన ఒక్కడే. విజయ టీచరు అప్పటికే న్యాల్‌కల్ ఆటో ఎక్కేసిందట. నేను గేటు తియ్యకముందే తన్వి స్కూటర్ దిగింది. గేటు కడ్డీల్లోంచి చెయ్యి పెట్టి, "అక్కా" అని అరిచింది. శరణమ్మక్క వచ్చి ఎత్తుకుంది. పాప చిక్కిపోయింది. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది.

రఘుపతి సారు గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఇయ్యాలటి నుంచి ఫుల్ ఫీజు కడత. నీ కాగితం మీద సంతకం గూడ పెడత. ఎల్లమాస, దసర అన్నీ ఒప్పుకుంట. కానీ అయిపోయిన ఎండాకాలానిది అడగొద్దు. వాడని రెండు నెల్లకు ఎట్ల కడతరయ్యా ఎవరన్న?"

నిజం చెబుతాను. నేను ఒప్పుకునేవాణ్ణి. మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయి. రోజూ రాత్రి చేతులకు వార్నిష్ వాసన పోయేదాకా రుద్దుకుంటున్నాను. పైగా ఆ పాప. శరణమ్మక్క కూడా అదే అంటుందనుకున్నాను, పాపను తీసుకుందాం అన్నా అని. ఆమె మొహం వైపు చూశాను.

ఆమె తన్విని చంకనేసుకుని, పాప జుట్టు సర్దుతూ, నాతో కాదు, నేరుగా ఆయనతో మాట్లాడింది. నేను ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నాక ఒక తండ్రితో ఆమె షరతు మాట్లాడటం అదే మొదటిసారి.

"సారూ, కూసును ఇయ్యాల ఉంచుకుంట. తినబెడత, పండబెడత. దీనికి పైసలొద్దు, బిడ్డ ఆకలి మీద లెక్క చెయ్య. రేపటి నుంచి రావాల్నంటే మాత్రం ఎండాకాలానిది కట్టుండ్రి."

"వాడుకోలేదు గదమ్మా..."

"మీరు వాడుకోలె. నేనున్న గద. ఆ రెండు నెల్లు నేను ఏడికి పోయిన? మా తమ్ముడు బండేస్కొని వస్తే పోలె. ఇగో, ఈ గేటు లోపట్నే ఉన్న. ఉన్న గాబట్టే ఇయ్యాల మీరు గేటు కొడితే నేనొచ్చిన. నేను బీదర్ పోయుంటే ఎవరొస్తుండె?"

ఆయన నావైపు చూశాడు, నేను అడ్డుపడతానేమోనని. నేను గేటు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆమె లోపలికి పోతూ, "బడికి లేటయితది, పోన్రి సారూ. సాయంత్రం దాకా ఫికర్ లేదు" అంది.

మర్నాడు విజయ టీచరు వచ్చింది, తన్వితో. రెండు నెలల ఫీజు, ఎల్లమాసకు కోసిన ఒకరోజు డబ్బు కలిపి తెచ్చింది. కాగితం తీసుకుని గోడకు ఆనించి సంతకం పెట్టింది.

"సారు రాలేదా టీచర్?" అన్నాను.

"లేదు. మొహం చెల్తలేదట."

శరణమ్మక్క పాపను అందుకుంటూ అంది, "గింత దానికి మొహమెందుకు చెల్లది? సాయంత్రం పిల్లను తీస్కపోనీకె ఆయిన్నే రమ్మనుండ్రి. నేనేం అన."

సాయంత్రం ఆయనే వచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏ ఎండాకాలం ఫీజు ఆగలేదు.

అప్పగింత

ఈ ఏడు స్వప్నకు బదిలీ అయింది. మేము ఊరు మారాలి. ఇల్లు మూసేద్దామా అని ఆలోచించలేదు. కిరాయి ఒప్పందం, కరెంటు మీటరు, షరతుల కాగితం అన్నీ శరణమ్మక్క పేరుకు మార్చాను. సహాయానికి ఆమే ఒకమ్మాయిని పెట్టుకుంది. ఆ అమ్మాయికి ఇచ్చిన కాగితం నేను చూశాను. పన్నెండు నెలల జీతం అని ఉంది. రాసింది ఆమె చిన్నకొడుకు, చెప్పింది ఆమె.

నాతో ఎవరూ వాదించని రోజు ఈ పనిలో ఒక్కటీ లేదు. అయినా దీన్ని మంచి పనే అంటాను. బిడ్డను నమ్మి ఇచ్చేవాళ్ళు ఆ బిడ్డను మోసే చేతులకు కూడా సెలవు ఉంటుందనీ, ఆ సెలవు రోజు కూడా ఆకలి వేస్తుందనీ ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్ళకు తలుపు చూపించండి. కొందరు పోతారు. ఇల్లు కూలదు.

పోయిన వారం ఒక కొత్త కుటుంబం ఎండాకాలం ఫీజు తగ్గించమని అడగడానికి నాకు ఫోన్ చేసింది. నేను రిటైరయ్యానని చెప్పాను. అక్కను అడగమన్నాను. అడిగే ధైర్యం ఉంటే.